ఆటువేళ

పెన్నలో నీళ్ళు కనబడితే
ఫొటో తీసుకునే ఊరు మాది, తాడిపత్రి.
పదిరోజులు సెలవు పెట్టి
బ్యాంకు తాళాలు ఇంకొకరి చేతిలో పెట్టి
మంగమారిపేటలో, బస్సు దిగిన చోటే
మేడమీద గది తీసుకున్నాను.
పనేమీ లేదు.
ఏమీ లేకపోవడం కూడా
రెండోరోజుకి గానీ చేతకాలేదు.
మొదటిరోజంతా అలల్ని నోట్ల కట్టల్లా లెక్కపెట్టాను.
వందకో రబ్బరుబ్యాండు వెయ్యబోయి
నాలో నేనే నవ్వుకున్నాను.

మూడోనాడు ఎల్లయమ్మ.
ఇసక మీద కవళ్ళు ఆరబెడుతూ
"ఏటమ్మా, ఒక్కర్తివే ఒచ్చీసినావా?" అంది.
అవునన్నాను.
"సముద్రానికి మాత్రం తోడెవులున్నారులే" అని
గొడుగు నీడ కాస్త ఇటు జరిపింది.

కింది గదిలో నిఖత్, ఏయూలో జువాలజీ.
ఆటుపోట్ల పట్టిక గోడకి అంటించుకుని
దాని ప్రకారం నిద్రపోయే పిల్ల.
తన పాత కాన్వాస్ బూట్లు ఇచ్చింది నాకు,
ఒక సైజు పెద్దవి.

సముద్రం వెనక్కి జరిగితే
రాళ్ళ మధ్య గుంటలు గుంటలుగా నీళ్ళు,
విందయ్యాక కడగని గిన్నెల్లా.
వంగి చూస్తే
లోపల ఇంకా భోజనాలు నడుస్తున్నాయి.
పువ్వనుకుని వేలు పెట్టాను,
పువ్వు నా వేలు పట్టుకుంది.
సముద్రపు కుందేలట ఒకటి,
ఆ చెవులు తప్ప కుందేలు పోలికే లేదు,
విసిగిస్తే ఊదారంగు సిరా కక్కుతుంది.
"మా మేనేజరు" అన్నాను.
నిఖత్ నవ్వి నవ్వి జారి నీళ్ళలో కూచుంది.

పీత అని వాళ్ళు, ఎండ్రకాయ అని నేను.
ఆ తగువు తెగనేలేదు.
తెల్లమెడ గరుడపక్షి రోజూ పదింటికి దిగి
ఎల్లయమ్మ కవళ్ళలోంచి తన వాటా తీసుకుపోయేది.
ఆవిడ తిట్లలో సగం నాకు అర్థం కాలేదు.
తక్కిన సగం చాలు.

ఎనిమిదోరోజు సాయంత్రం
మురీ మిక్చర్ పొట్లం ఖాళీ చేసి
అందులో ఓ శంఖం వేసుకొచ్చాను.
గోధుమ చారలు, అంచు కాస్త విరిగింది,
ఇంట్లో టీవీ పక్కకి బావుంటుందని.

అర్ధరాత్రి దాటాక
బల్ల మీద ఏదో గీరుతున్న చప్పుడు.
లైటు వేశాను.
నా శంఖం నడుస్తోంది.
మాత్రల షీటు ఎక్కి, దిగి,
బల్ల అంచున ఆగి
కిందికి చూసింది.

"సన్యాసి పీత" అంది నిఖత్, కళ్ళు నులుముకుంటూ.
సన్యాసికి ఇల్లేమిటి?
"తనది కాదు, చచ్చిన నత్తది.
ఒళ్ళు పెరిగితే ఖాళీ చేసి
ఇంకోటి చూసుకుంటుంది."

వేటకెళ్ళే తెప్పలకి టీ కాస్తూ ఎల్లయమ్మ మేలుకునే ఉంది.
"కాపరమున్న ఇల్లు సంచిలో ఏసుకొచ్చీసినావేటి తల్లీ!"
టార్చి తీసుకుని తనే ముందు నడిచింది.

రాళ్ళు. పెద్ద సైజు బూట్లలో నీళ్ళు.
ఈ గుంటే అని నేను, కాదని నిఖత్,
"ఏ గుంటైతే ఏటి, సముద్రవేఁ కదా" అని ఎల్లయమ్మ.
వదిలాక చాలాసేపు అది కదల్లేదు.
మేమూ కదల్లేదు.
టార్చి ఆర్పేస్తే
రేవు బయట టోకెన్ తీసుకుని నిలబడ్డట్టు
ఓడల దీపాలు.

కాస్త వెలుతురొచ్చాక
ముందు ఒక కాలు.
తర్వాత కళ్ళు,
అద్దెకొచ్చినవాడు గది చూసుకున్నట్టు.
తర్వాత ఉత్త నీళ్ళు.

"పోటొస్తంది, లెగండి" అంది ఎల్లయమ్మ.

బూట్లు తిరిగివ్వడం మరిచిపోయాను.
నిఖత్ రాసిచ్చిన కాగితం మా ఫ్రిజ్ మీదుంది:
బుధవారం, తెల్లారి నాలుగూ పదికి ఆటు.
ఇక్కడ ఆ వేళకి ట్యాంకరొస్తుంది.
ఆ బూట్లలోనే వెళ్ళి
బిందె వరసలో పెట్టి నిలబడతాను,
మడమ కింద ఇంకా ఇసక.
మలుపులో హారన్ వినబడగానే
"పోటొస్తంది" అంటాను.
పక్కింటామె నావైపు చూసి
తన బిందె కాస్త ఇటు జరుపుతుంది.